ట్యాంకు బిగించిన తర్వాత

కరోనా సడలిన తర్వాతి ఎండాకాలంలో నన్ను నరసరావుపేట నుంచి మాచర్ల వైపు మార్చారు. మోటారు వాహనాల తనిఖీ అధికారిగా అదే నా చివరి పోస్టింగు. మా ఉద్యోగం అనగానే జనానికి లైసెన్సు పరీక్షలు, రోడ్డు మీద లారీలు ఆపటం గుర్తొస్తాయి. ప్రమాదంలో ఎవరైనా చనిపోయినప్పుడు ఆ బండిని పరీక్షించి, యంత్రంలో లోపం ఉందో లేదో పోలీసులకు నివేదిక ఇవ్వటం కూడా మా పనే. అలాంటి పరీక్షలో ముందు బ్రేకులు, స్టీరింగు, టైర్లు, లైట్లు చూస్తాం. ఇంజను నడుస్తూ నడుస్తూ ఆగిపోయిందా అన్న ప్రశ్న మా దాకా రావటం అరుదు. ఆ పోస్టింగులో నాకు ఆ ప్రశ్నే వచ్చింది.

కారంపూడి దగ్గరి ఊరివాడు చెన్నకేశవులు. నాపరాళ్ల పాలిష్ యూనిట్లో మెషీను నడిపేవాడు. అంతకు ముందు ఏడాది, భార్య పద్మను వెనక కూర్చోబెట్టుకుని పాత రెండు స్ట్రోకుల మోటారు సైకిలు మీద వస్తూ, పెద్ద రోడ్డు నుంచి తమ ఊరి దారిలోకి కుడివైపు తిరిగాడు. బండి రోడ్డు మధ్యలో ఆగింది. వెనక వస్తున్న రాళ్ల లారీ గుద్దింది. పద్మ అక్కడికక్కడే చనిపోయింది. అతని కాలు విరిగింది. చూసినవాళ్లు, లారీ డ్రైవరు ఒకే మాట చెప్పారు: బండి ఉన్నట్టుండి రోడ్డుకు అడ్డంగా నిలబడిపోయిందని. నిర్లక్ష్యంగా నడిపి భార్య చావుకు కారణమయ్యాడని పోలీసులు కేసు అతని మీదే పెట్టారు. ఆసుపత్రి మంచం మీద ఇచ్చిన వాంగ్మూలం నుంచి కోర్టు దాకా అతను చెప్పింది కూడా ఒకటే మాట: "నేను ఆపలేదు, బండే ఆగింది."

నాకంటే ముందు పనిచేసిన అధికారి తన నివేదికలో బ్రేకులు సరిగా ఉన్నాయనీ, ఢీకొన్న దెబ్బకు బండి స్టార్టయ్యే స్థితిలో లేదనీ రాశాడు. ఉన్నది ఉన్నట్టే రాశాడు. ఆ తర్వాత కోర్టు పూచీకత్తు మీద బండిని చెన్నకేశవులుకు అప్పగించి, బాగు చేసుకోవటానికి అనుమతి ఇచ్చింది. అతను ఇంటి పక్కన రేకుల షెడ్డులో దాన్ని నట్టు నట్టు విప్పి మళ్లీ కట్టటం మొదలుపెట్టాడు. ఎందుకు ఆగిందో కనిపెట్టాలని అతని పంతం. కాని కట్టిన ఇంజను మొదటి కిక్కుకే స్టార్టయింది. గంటలకు గంటలు నడిచింది, ఎక్కడా ఆగలేదు. బాగుపడిన బండి అతని మాటనే అబద్ధం చేస్తోంది. చివరికి అతని లాయరు పిటిషను వేస్తే, జ్వలన వ్యవస్థను, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే భాగాలన్నిటినీ, మళ్లీ పరీక్షించి నివేదిక ఇమ్మని కోర్టు మా శాఖను ఆదేశించింది. ఆ ఉత్తర్వు నాకు వచ్చింది.

పరీక్ష మా ఆఫీసు వెనక, లైసెన్సు పరీక్షలు పెట్టే ట్రాకు మీద పెట్టాను. రెండు పక్షాలూ ఉండాలి కాబట్టి పద్మ అన్న కోటేశ్వరరావుకు కూడా కబురు పంపాం. ఫిర్యాదుదారు అతనే. స్టేషను నుంచి ఒక హెడ్ కానిస్టేబులు వచ్చాడు. లాయరు గొడుగు వేసుకుని నిలబడ్డాడు. చెన్నకేశవులు బండిని ఆటో ట్రాలీలో తెచ్చి, కుంటుతూ కిందికి దింపుకున్నాడు. సాయం పట్టమని కోటేశ్వరరావును అడగలేదు. అతను పట్టనూ లేదు.

బండికి పెట్రోలు ట్యాంకు లేదు. ప్రమాదంలో అది నొక్కుకుపోయిందనీ, డెంటింగు చేయించి రంగు వేయించి ఆ పొద్దునే తెచ్చాననీ చెప్పి, గోనెసంచిలో చుట్టి ఉన్నది చూపించాడు. ఇన్నాళ్లూ ఇంజనుకు పెట్రోలు ఎలా అని అడిగాను. హ్యాండిలుకు ఒక సీసా కట్టి, సన్న గొట్టంతో వదిలేవాడట. మెకానిక్కులు మామూలుగా చేసే పనే. పైగా ట్యాంకు లేకపోతే దాని కింద ఉండే కాయిల్, వైర్లు చేతికి అందుతాయి. అలాగే కానిమ్మన్నాను.

"ఏమేం మార్చావు?" అని అడిగాను.

"ముందు ఫోర్కు, వెనక చక్రం, మడ్‌గార్డులు, పిస్టను. వైరింగు మటుకు ముట్టుకోలేదు మేడం. లాయరుగారు ముట్టుకోవద్దన్నారు."

"ముట్టుకున్నాడో లేదో ఎవురు చూశారు?" అన్నాడు కోటేశ్వరరావు. "యాడాది పొద్దు బండి వాడి దగ్గరే ఉంది గదా."

ఆ మాటలో న్యాయం ఉంది. అందుకని ప్రతి భాగాన్నీ విప్పకముందు ఫొటో తీయించాను, చూసింది చూసినట్టు పైకి చదువుతూ రాయించాను.

ఇలాంటి పాత బండిలో రవ్వ పుట్టే దారి సూటిగా ఉంటుంది. బ్యాటరీ కరెంటు హ్యాండిలు దగ్గరి తాళం స్విచ్చు గుండా కాయిల్‌కు వస్తుంది. ఇంజను తిరిగే కొద్దీ పాయింట్లు అనే చిన్న మీట ఆ కరెంటును తెంచుతూ కలుపుతూ ఉంటుంది. తెగిన ప్రతిసారీ కాయిల్‌లో పెద్ద వోల్టేజి పుట్టి, ప్లగ్గు దగ్గర రవ్వగా దూకుతుంది. పాయింట్లు కాలిపోకుండా కాపాడేది పక్కనుండే కండెన్సరు. ఈ దారిలో ఎక్కడ తెగినా ఇంజను ఆగుతుంది.

ప్లగ్గు విప్పి చూశాను, ఇటుక రంగులో శుభ్రంగా ఉంది. రవ్వ నీలంగా, గట్టిగా పడుతోంది. పాయింట్ల సందు ఫీలర్ గేజితో కొలిచాను, సరిగ్గా ఉంది. వేడెక్కాక పాడయ్యే కండెన్సర్లు ఉంటాయి కాబట్టి, ఇంజను నడవనిచ్చి, దాని పైభాగం మీద చెయ్యి పెట్టలేనంత కాలాక మళ్లీ చూశాను. రవ్వ తగ్గలేదు. కాయిల్ బాగుంది. ప్లగ్గు వైరు బాగుంది. బ్యాటరీ తీగలు లాగి చూశాను. తాళాన్ని కదిపాను. హ్యాండిలు ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పాను. ఇంజను ఒకే తీరుగా కొట్టుకుంటోంది.

నేను "లోపం లేదు" అని చదివిన ప్రతిసారీ చెన్నకేశవులు తల ఇంకాస్త కిందికి వాలింది. చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. లాయరు ఫోను చూసుకోవటం మొదలుపెట్టాడు. కోటేశ్వరరావు ఇక పట్టలేకపోయాడు.

"ఇంకా ఏందయ్యా చూసేది? మా చెల్లి పోయింది. నీ బండి మటుకు నిక్షేపంగా ఉంది."

"ఆగింది బావా," అన్నాడు చెన్నకేశవులు తల ఎత్తకుండానే. "పద్మ మీద ఒట్టు. ఆ రోజు ఆగింది."

"దాని పేరు ఎత్తమాక!"

కోటేశ్వరరావు ఒక్క అంగలో అతని మీదికి వచ్చాడు. హెడ్ కానిస్టేబులు మధ్యలోకి వెళ్లి భుజం పట్టి ఆపాడు. నేను ఇద్దరినీ చెరో పక్కకు పొమ్మని, ఇంకో మాట మాట్లాడితే పరీక్ష ఆపి, ఆపిన కారణం కూడా నివేదికలో రాస్తానని చెప్పాను. అప్పటికి నా చేతిలో ఉన్నవన్నీ చెన్నకేశవులుకు శిక్ష వేయించే అంశాలే.

సంతకాలు చేయించటమే మిగిలిందని అందరూ అనుకున్నారు. కాని నివేదికలో పరీక్షించిన వాహనం ఏ స్థితిలో ఉందో రాయాలి. ట్యాంకు లేని బండి పూర్తి వాహనం కాదు. దాన్ని నడిపి చూడటానికి కూడా వీల్లేదు. ట్యాంకు బిగించమన్నాను.

"ఇంకా ఎందుకు మేడం, ఎండలో," అన్నాడు లాయరు. అతనికి ఆశ పోయినట్టుంది.

చెన్నకేశవులు బిగించాడు. నేను పక్కనే నిలబడి చూశాను. ట్యాంకు ముందు భాగం హ్యాండిలు మెడ దగ్గర రెండు రబ్బరు దిండ్ల మీద కూర్చోవాలి. కుడివైపు దిండు లేదు. ఇది ఎప్పటినుంచి లేదని అడిగితే, తాను కొన్నప్పటి నుంచీ చూడలేదన్నాడు. ఆ దిండు లేక ట్యాంకు కుడి అంచు నేరుగా వైర్ల కట్ట మీద ఆనింది.

బండి నేనే ఎక్కాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి బండి మీదే డ్యూటీలు తిరిగాను. ట్రాకు మీద తిన్నగా వెళ్లి వచ్చాను. ఎడమకు తిప్పాను, ఏమీ కాలేదు. కుడికి పెద్ద వంపు తిరిగాను, ఏమీ కాలేదు. ఊరి దారిలోకి మళ్లే మనిషి ఎంత నిదానంగా వస్తాడో అంత నిదానంగా వచ్చి, హ్యాండిలు కుడికి చివరిదాకా తిప్పాను.

ఇంజను ఠక్కున ఆగిపోయింది. బండి ఒరిగింది. కాలు ఆన్చకపోతే పడేదాన్నే.

హ్యాండిలు తిన్నగా చేసి కిక్కు కొడితే వెంటనే స్టార్టయింది.

"క్లచ్చు వదిలేసుంటారు, మేడం," అన్నాడు కోటేశ్వరరావు. గొంతులో మునుపటి ఊపు లేదు.

అతని సందేహం సబబే. నిదానంగా తిప్పేటప్పుడు నడిపేవాడి పొరపాటు వల్ల కూడా ఇంజను ఆగవచ్చు. అందుకని బండికి స్టాండు వేసి, కరెంటు ఉంటే వెలిగే టెస్టు ల్యాంపును కాయిల్‌కు కరెంటు తెచ్చే చోట తగిలించాను. తాళం తిప్పి ఆన్ చేశాను. దీపం వెలిగింది. హ్యాండిలు తిప్పమని కోటేశ్వరరావునే పిలిచాను. అతను ఎడమకు తిప్పాడు, దీపం అలాగే ఉంది. కుడికి తిప్పాడు. చివరికొచ్చేసరికి ఆరిపోయింది. తిన్నగా చేస్తే వెలిగింది. మళ్లీ కుడికి తిప్పాడు. మళ్లీ ఆరింది. నేను చాలని చెప్పినా అతను వినిపించుకోలేదు. తిప్పుతూనే ఉన్నాడు. హెడ్ కానిస్టేబులు వెళ్లి హ్యాండిలు మీద నుంచి అతని చేతులు తీయాల్సి వచ్చింది.

కారణం తేలికగానే అర్థమయింది. ట్యాంకు వైర్ల కట్టను నొక్కి పట్టటంతో హ్యాండిలు తిరగటానికి కావలసిన వదులు ఉండటం లేదు. కుడికి తిప్పినప్పుడు ఒక వైరు బిగుసుకుని, లోపల తెగిన చోట విడిపోతోంది. ట్యాంకు తీసేస్తే ఆ వదులు తిరిగి వస్తోంది. అతను ఏడాదిపాటు షెడ్డులో, నేను ఆ పూటంతా ట్రాకు మీద, లోపాన్ని పక్కన పెట్టి లోపం కోసం వెతికాం.

ఇంకొక సంగతి తేలాలి. ఆ వైరు ఎప్పుడు తెగింది? ట్యాంకు మళ్లీ తీయించి, అందరి ముందూ ఆ వైరును కత్తిరించి, పై తొడుగును బ్లేడుతో చీల్చాను. తొడుగుకు బయట గాటు లేదు. లోపల రాగి పోగులన్నీ తెగి, చివరలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. కొత్తగా తెగిన రాగి మెరుస్తుంది. ఇవి నల్లబడి, చాలావాటికి పచ్చటి చిలుము పట్టి ఉన్నాయి. పంచనామాలో అదే రాయించి, వైరు ముక్కను కవరులో పెట్టి సీలు వేశాను.

సంతకం చేయబోయి కోటేశ్వరరావు పెన్ను ఆపాడు. "అయితే ఆ వైరు బాగుంటే మా చెల్లి బతికేదా మేడం?" అని అడిగాడు. అది నేను చెప్పలేనన్నాను. అతను సంతకం చేసి, చెన్నకేశవులు వైపు చూడకుండా గేటు దాటి వెళ్లిపోయాడు. చెన్నకేశవులు ట్రాలీ పక్కన నేల మీద కూర్చుని మోకాళ్లలో తల పెట్టుకున్నాడు. బండి ఎక్కించుకోవటానికి చాలాసేపు లేవలేదు.

కోర్టులో ప్రభుత్వ న్యాయవాది నన్ను గట్టిగానే అడిగాడు. ప్రమాదం రోజున ఆ వైరు అదే స్థితిలో ఉందని ప్రమాణం చేసి చెప్పగలరా? చెప్పలేనన్నాను. పాత తెగుడు అని మాత్రం చెప్పగలను. బండి యజమాని జాగ్రత్తగా ఉంటే ఆ లోపం కనిపించేది కాదా? ట్యాంకు తీసినా, బయటి నుంచి చూసినా కనిపించదని చెప్పాను. చెన్నకేశవులు కూడా ఏమీ దాచలేదు. ప్రమాదానికి కొన్నాళ్ల ముందు పొలం గట్టు దగ్గర ఒకసారి అలాగే ఆగిందనీ, పెట్రోలులో చెత్త అనుకుని కార్బురేటరు కడిగించాననీ ఒప్పుకున్నాడు. సంశయ లాభం కింద కోర్టు అతన్ని వదిలేసింది. తీర్పు రోజున కోటేశ్వరరావు రాలేదు. ఆ తర్వాత ఆ రెండు ఇళ్ల మధ్య మాటలు కలిశాయో లేదో నాకు తెలియదు.

ఆ కేసు తర్వాత నా పరీక్షా క్రమం మార్చుకున్నాను. చేతికి అందటం కోసం ఏ భాగమూ విప్పకముందే, బండిని ప్రమాదం రోజున ఎలా ఉందో వీలైనంతవరకు అలా నిలబెట్టి, అప్పుడు చేసిన కదలికే చేసి చూసేదాన్ని. నా కింద పనిచేసిన అధికారులకూ అదే నేర్పాను. పరీక్షకు అడ్డమని మనం తీసి పక్కన పెట్టిన వస్తువే లోపానికి కారణం కావచ్చు. ఆ పూట నిబంధన ప్రకారం ట్యాంకు బిగించమనకపోయి ఉంటే, నేను రాసిన ప్రతి వాక్యమూ నిజమే అయ్యేది. ఆ నివేదికతో ఒక మనిషి జైలుకు వెళ్లేవాడు.