కొట్టివేసిన పేరు

టెక్కలి దగ్గరి ఇంజనీరింగ్ కళాశాలలో నా ఉద్యోగం ముగిసిన తరువాత కూడా కంప్యూటర్ ప్రయోగశాల బాధ్యత నాకే ఉంచారు. అక్కడి లినక్స్ సర్వర్‌లో పెద్ద త్రిమితీయ చిత్రాలను గీసే గ్రాఫిక్స్ కార్డు ఒకటి ఉంది. విద్యార్థులు ఎక్కడున్నా తమ ల్యాప్‌టాప్ నుంచి అందులోకి ప్రవేశించి పని చేసుకోవచ్చు. అనుమతి ఉన్నవారి పేర్లను ఒక బౌండు పుస్తకంలో స్వయంగా నమోదు చేసేవాణ్ణి. చదువు ముగిసినవారి పేరు ఎర్ర సిరాతో కొట్టివేసి, ఆ రోజే కార్డు వాడకందారుల జాబితా నుంచి, నెలాఖరున ప్రవేశ జాబితా నుంచి తొలగించేవాణ్ణి. ఈ పద్ధతి మీద నాకు గర్వం ఉండేది.

మందస నుంచి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థిని తమ ఉద్దానం ప్రాంతపు భూగర్భజలాల నమూనా తయారు చేసింది. నేల కింద ఏ పొరలో నీరు ఎటు కదులుతున్నదో తెరమీద తిప్పి చూపే చిత్రం అది. ఆమె తల్లికి కిడ్నీలు పాడై, వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్ చేయించాలి. అందుచేత ఆమె ఆసుపత్రిలో తల్లి మంచం పక్కన కూర్చుని ల్యాప్‌టాప్‌లో పని చేసేది. ఒకరోజు మధ్యాహ్నం మూడు గంటలకు పరీక్షాధికారి ఆన్‌లైన్‌లో ఆ చిత్రాన్ని చూడవలసి ఉంది. చూపలేకపోతే పట్టా మరో ఆరు నెలలు వెనక్కి పోతుంది.

ఒంటిగంటన్నరకు ఫోన్ చేసింది.

“మాస్టారూ, బొమ్మ కదలట్లేదండి. ఒకసారి తిప్పితే నిమిషం పడతంది.”

“పలాసలో నెట్ సరిగా ఉండదు. ఈ ఒక్కరోజూ ఇక్కడికి రావలసింది.”

“నెట్ బాగానే ఉందండి. టైపు సేత్తే అచ్చరాలు గబగబా వత్తన్నాయి. బొమ్మ దగ్గరే ఆగిపోతంది.”

ఆ మాటలోనే సగం సమాధానం ఉంది. నేను వినలేదు. నెట్ వేగం కొలవమన్నాను, ల్యాప్‌టాప్ ఆపి మళ్ళీ పెట్టమన్నాను, చిత్రం నాణ్యత తగ్గించమన్నాను. ఆమె అన్నీ చేసింది. రెండు దాటింది. వెనుక నుంచి తల్లి గొంతు వినిపించింది.

“ఏటంతన్నారే మీ మాస్టారు? నా రగతం కడగడం అయిపోతంది గాని, మీ బొమ్మ తిరగదేటి?”

“ఊరుకోయే అమ్మా!”

చివరకు మొట్టమొదట చేయవలసిన పరీక్ష చేశాను. చిత్రాన్ని ఏది గీస్తున్నదో చెప్పే కమాండు ఒకటుంది. నా పేరుతో ప్రవేశించి ఇస్తే కార్డు పేరు వచ్చింది. ఆమె ఇస్తే రాలేదు. కార్డు చేయవలసిన పనంతా మామూలు ప్రాసెసరే మోస్తున్నది. కార్డు వాడకందారుల జాబితా తెరిచాను. ఆమె పేరు లేదు. పుస్తకం తెరిచాను. ఆమె పేరుమీద నాలుగు రోజుల కిందటి ఎర్ర గీత, స్కేలు పెట్టి గీసినది. గడువు పొడిగించమని ఆమె ఇచ్చిన లేఖ కూడా నా ఫైలులో వరుస సంఖ్యతో భద్రంగానే ఉంది.

పేరు తిరిగి చేర్చాను.

“ఇప్పుడు చూడు.”

“అలాగే ఉందండి మాస్టారూ.”

అప్పటికే లోపల ఉన్నవారికి కొత్త అనుమతి వర్తించదు; పూర్తిగా బయటికి వెళ్ళి తిరిగి రావాలి. ఏళ్ళ తరబడి తరగతిలో చెప్పిన ఈ సంగతి గుర్తుకు రావడానికే నాకు చాలాసేపు పట్టింది.

“అన్నీ మూసేసి బయటికి రా అమ్మా. మళ్ళీ ప్రవేశించు. కార్డు జాబితాలో నీ పేరు నేనే కొట్టేశాను.”

“సరేనండి” అంది ఆమె.

నమూనా మళ్ళీ తెరుచుకునేసరికి మూడు దాటి ఎనిమిది నిమిషాలైంది. ఉద్దానం నేల పొరలు తెరమీద తడబడకుండా తిరిగాయి. పరీక్షాధికారి ఆలస్యానికి కారణం అడిగారు.

“క్షమించండి సార్. పలాసలో నెట్ సరిగా లేదు,” అన్నది ఆమె.

నేనూ ఆ సమావేశంలోనే ఉన్నాను. నా మైకు ఆపి ఉంది. ముందే సిద్ధంగా ఉండవద్దా అని ఆయన ఆమెను మందలిస్తున్నప్పుడు కూడా నేను మైకు తెరవలేదు.

నమూనాను ఆమోదించారు. నివేదికలో మాత్రం అభ్యర్థినికి సమయపాలన లేదని ఒక వాక్యం చేర్చారు. దాని ప్రతికి వరుస సంఖ్య వేసి ఫైలులో పెట్టింది నేనే.