మా తోటికోడలు చూపిన రంగు

మా పెద్ద తోటికోడలు పోయిందన్న కబురు, పోయిన నెలలో ఓ పొద్దున గోపాలపట్నం మార్కెట్‌లో ఉండగా తెలిసింది. కూరల సంచీ అక్కడే వదిలేసి ఆటో ఎక్కాను. దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను. ఆ ఏడుపులోనే, ఈవిడ కోసం ఎంతమంది వస్తారో అన్న కుళ్లు ఓ క్షణం కదిలింది. మీరేమనుకున్నా సరే, ఉన్నది చెబుతున్నాను.

మేమిద్దరం ఎవరింట్లోంచి వాళ్లం చీరలు అమ్మేవాళ్లం. ఫొటో తీసి, కంప్యూటర్‌లో రంగు సరిచూసి, ఫోన్‌లో పంపడం. ఆవిడ చీర ఒక్కటీ తిరిగొచ్చేది కాదు. నావి మాత్రం ఫొటోలో రంగు వేరంటూ వచ్చేసేవి. వన్‌టౌన్‌లో మాకు చీరలిచ్చే సాహెబు గారు కొత్త రకాలు ముందు ఆవిడకే చూపించేవారు. చివరికి మా ఆయన కూడా ఓరోజు అన్నం తింటూ, వదిన ఫొటోలో చీర చీరలాగే ఉంటుందన్నాడు. ఆ పూట ఆయనకి మారు వడ్డించలేదు.

ఒకసారి నా చీరలు వరసగా తిరిగొస్తుంటే, అక్క పిలవకుండానే మా ఇంటికొచ్చింది. ఎండ పడుతున్న కిటికీకి కర్టెన్ లాగింది. కంప్యూటర్ స్క్రీన్ కాస్త వేడెక్కి రంగు నిలకడపడ్డాక, పక్కన తెల్లకాగితం పట్టుకుని, వెలుగు తగ్గించి, నీలం తగ్గించి, కాగితమూ తెరమీది తెలుపూ ఒకటయ్యేదాకా కదల్లేదు. అంతవరకూ ధగధగలాడిన నా ఫొటోలు వెలిసిపోయినట్టు కనిపించాయి. కావాలనే పాడుచేసిందనుకున్నాను.

"ఏటక్కా, అందమంతా పోయింది."

"అందం సీరకుండాల సెల్లీ, స్క్రీన్‌కి కాదు. కళ్లు అలవాటు పడేదాకా మార్సకు."

మార్చలేదు. చీరలు తిరిగి రావడం ఆగింది. ఆ మెప్పు కూడా మా అత్త పెద్దకోడలికే కట్టబెట్టింది.

పోయినేడాది షుగరు ఆవిడ చూపు మీదికొచ్చింది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా నన్ను పిలిచి, తన కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది.

"ఇది మెరూనో నలుపో నాకు తెల్డం లేదు. ఇకనించి నువ్వే సరిసెయ్యాల."

"నానా? నీ పని నాకేటొచ్చు?"

"నా మీద కుళ్లుతో నా ఫొటోలు నాకంటే ఎక్కువ సూసింది నువ్వే కదేటి" అంది, మామూలుగానే.

అప్పటినుంచి ఆవిడ చీరల రంగులన్నీ నేనే సరిచేశాను. పేరు ఆవిడకే వచ్చింది. నా కుళ్లూ పోలేదు, నేను వెళ్లడమూ మానలేదు.

దినాలయ్యాక, అక్క పోయిన సంగతి తెలియక సబ్బవరం నుంచి ఒకావిడ అక్క నంబరుకి ఫోన్ చేస్తే నేనెత్తాను. చీర అందిందట. ఫొటోలో చూసిన రంగే వచ్చిందని అక్కకి చెప్పమంది. ఆ రంగు సరిచేసింది నేనేనని నోటిదాకా వచ్చింది. చెబుతానన్నాను.

ఫొటో తీయాల్సిన నెమలికంఠం చీర ఒకటి ఆవిడ గదిలో ఇంకా స్టాండుకి వేలాడుతోంది. ఫ్యాను గాలికి కొంగు లేచినప్పుడల్లా ఓసారి నీలంగా, ఓసారి పచ్చగా మెరుస్తోంది.