చాట కింద కూసిన సైరన్

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఈ మాట చెప్పి, వెంటనే దయ్యం కథ మొదలుపెట్టేవాళ్ళంటే ఒళ్ళుమంట కూడా. బడిలో పిల్లలకు సైన్స్ చెబుతాను. ఫలానా చింతచెట్టు మీద ఏదో ఉందని ఎవరైనా అంటే, వాళ్ళను వెంటబెట్టుకుని పోయి ఆ చెట్టు కిందే కూర్చుని అన్నం తిన్నదాన్ని. అందుకే మొన్న చలికాలంలో మా ఇంట్లో జరిగిన సంగతి బడిలో ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు, నేనైనా నవ్వుతాను.

మేముండేది నిజామాబాద్‌లో, అద్దె ఇంట్లో. మా అమ్మ మాతోనే ఉంటుంది. ఆమెను చిన్నప్పటి నుంచీ అవ్వ అనే పిలుస్తాం. మా బాపు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ల దగ్గర పనిచేసేవాడు. నేను పుట్టి పెరిగింది అక్కడి శక్కర్‌నగర్ క్వార్టర్లలోనే.

చెరుకు సీజన్ వస్తే ఆరేసిన బట్టల మీద మసి రాలేది. గాలి నిండా మాడిన బెల్లం వాసన. బడి నుంచి వస్తూ చెరుకు బండ్ల వెనక పరుగెత్తి గడలు గుంజుకునేవాళ్ళం. బాపు చొక్కాకు ఎంత ఉతికినా ఆ వాసన పోయేది కాదు. ఇప్పుడు ఏ మిఠాయి దుకాణంలో పాకం కాస్త మాడినా నాకు బాపు గుర్తొస్తాడు.

క్వార్టర్లలో ఎవరికీ గడియారంతో పనుండేది కాదు, సైరన్ చాలు. సాయంత్రం నాలుగింటి సైరన్ కూయగానే అవ్వ బీడీలు చుట్టే చాటను ఒళ్ళోంచి పక్కన పెట్టి స్టవ్ వెలిగించేది. బాపు సైకిల్ వాకిట్లోకి వచ్చేసరికి ఛాయ్ పొంగాలి. మా వరసలో అన్ని ఇళ్ళలోనూ అదే పద్ధతి. సైరన్ వినగానే స్టవ్‌లన్నీ ఒక్కసారి అంటుకునేవి.

ఆ సైరన్‌కు ఒక జబ్బుండేది. నిండుగా కూస్తూ కూస్తూ మధ్యలో గొంతు పట్టేసినట్టు ఆగి, గురగురమని మళ్ళీ లేచేది. “నీ బీడీలు తాగి తాగి సైరన్‌కు సుత దగ్గు వట్టింది” అని బాపు అవ్వను ఆటపట్టించేవాడు.

తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. కొన్నేళ్ళకు బాపు కూడా పోయాడు. అవ్వ మాత్రం నాలుగింటి ఛాయ్ మానలేదు. రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి బాపు ఫోటో ముందు పెట్టి, ఆ రోజు ముచ్చట్లన్నీ చెప్పేది. మొగుని పేరు ఆయన బతికినన్నాళ్ళూ పలకలేదు, ఇప్పుడూ పలకదు. “ఇగో, ఇంటున్నవా” అనే మొదలు. నేను వంటింట్లో ఉంటే వినీ విననట్టు ఉండేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ గొంతు వింటుంటే నాకు ప్రాణం కుదుటపడేది.

ఇంతలో మా ఆయన మాట్లాడే స్పీకరొకటి తెచ్చాడు. పగలు ఇంట్లో అవ్వ ఒక్కతే ఉంటుంది కదా, ఏదైనా అయితే నోటితో చెబితే మాకు ఫోన్ వస్తుందని. ఆలోచన మంచిదే. కానీ అవ్వ మాట దానికి ఎక్కేది కాదు. “అల్లునికి ఫోన్ గొట్టు” అంటే వాతావరణం చెప్పేది. ఎవరూ పిలవకుండానే నీలం లైటు వెలిగించి, అర్థం కాలేదు క్షమించండి అనేది. “పొద్దంత క్షమాపణలే. పని మాత్రం ఒక్కటి లేదు” అని అవ్వ మొత్తుకునేది.

ఒకరోజు నా ఫోన్ తెరిస్తే ఎటు చూసినా మోకాళ్ళ నొప్పుల నూనెల ప్రకటనలే. నాకు నొప్పుల్లేవు, మా ఆయనకూ లేవు. “అవ్వా, నీకేమన్న మోకాళ్ళు నొస్తున్నయా?” అని మామూలుగా అడిగాను.

అవ్వ ముఖం మాడిపోయింది. “గా ముచ్చట నేను మీ బాపుకే చెప్పిన. నీకెట్ల దెల్సింది?”

గోడలకు చెవులుంటాయంటారు. మేం ఆ చెవులను కోరి తెచ్చుకుని బల్ల మీద పెట్టుకున్నాం. నేను టీచరమ్మ బుద్ధి పోనిచ్చుకోక, ఇంట్లో మాట్లాడింది ఇది వింటుందనీ, విన్నదంతా ఎక్కడో దూరంగా ఉన్న పెద్ద పెద్ద కంప్యూటర్లకు పోతుందనీ వివరించాను. నూనెల సంగతి దాని పనేనా కాదా అన్నది నాకూ తెలియదన్నాను. అవ్వకు ఆ చివరి మాట పట్టలేదు.

“మొగుడు పెండ్లాల ముచ్చట ఊరోళ్ళు ఇంటరా?” అని మాత్రం అంది.

ఆ రోజే ప్లగ్గు పీకేసింది. అంతటితో ఊరుకోక, ఇంకా అటకెక్కని తన పాత బీడీల చాట తెచ్చి దాని మీద బోర్లించింది. అయినా నమ్మకం కుదరలేదు. నాలుగింటికి ఛాయ్ రెండు గ్లాసుల్లోనూ పోసేది గానీ నోరు విప్పేది కాదు. ఫోటో ముందు గ్లాసు పెట్టి, చాట వైపు ఒకసారి చూసి, లేచి పోయేది. కొన్నాళ్ళకు ఛాయ్ కూడా మానేసింది. మాతోనూ ఊఁ, ఆఁ తప్ప మాటల్లేవు. స్పీకర్ తీసి పారేస్తానంటే, “ఇన్నదంత ఇన్నది. ఇప్పుడు పారేస్తే వాపస్ వస్తదా?” అంది. మా అమ్మకు ఇంట్లో ఉన్న ఒక్క తోడునూ నేనే దూరం చేశానని ఏడుపొచ్చింది.

అది ఆదివారం. మా ఆయన ఊళ్ళో లేడు. నేను ముందు గదిలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను, అవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. కిటికీలోంచి ఎండ పడుతోంది. అప్పుడు వినబడింది.

ముందు సన్నగా, తర్వాత గది నిండేంతగా. చాట కింద నుంచి సైరన్. మధ్యలో గొంతు పట్టేసినట్టు ఆగింది. గురగురమంది. మళ్ళీ లేచింది.

నేను కదలలేకపోయాను. అవ్వ లేచింది. మోకాళ్ళు నొస్తాయన్న మనిషి చకచకా వంటింట్లోకి పోయి స్టవ్ వెలిగించింది. సైరన్ ఆగాక గోడ గడియారం చూశాను, నాలుగు.

చాట ఎత్తాను. లైటు లేదు. వైరు చుట్ట చుట్టి, అవ్వ కట్టిన రబ్బరు బ్యాండుతోనే ఉంది. అందులో బ్యాటరీ ఉండదు, కరెంటు లేకుండా అది పలకదు. అప్పుడు వంటింట్లోంచి మాటలు వినబడ్డాయి.

“ఇగో, ఇంటున్నవా. ఇయ్యాల్టి డ్యూటీ అయిందా?”

ఎన్ని రోజులకు విన్నానో ఆ గొంతు. చాట పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చాను.

నా చెవులే మోసం చేశాయనుకుందునేమో. కానీ కాసేపటికి పక్కింటి అక్క వచ్చింది. ఆమె ఊరు ముప్కాల్, బోధన్‌లో ఎన్నడూ ఉండలేదు. “మీ ఇంట్ల ఏందో కూసింది, నడుమల దగ్గినట్టు గూడ అయింది. కుక్కర్ గిట్ల కరాబైందా?” అని అడిగింది. దగ్గు సంగతి ఆమెకు మేం ఎప్పుడూ చెప్పలేదు.

ఆ సైరన్‌ను ఎవరైనా రికార్డు చేసి ఎక్కడైనా పెట్టారేమోనని వెతికాను. పాత క్వార్టర్ల వాళ్ళను అడిగాను. ఎవరి దగ్గరా లేదు. స్పీకర్‌ను ఒక మెకానిక్ విప్పి చూసి, మామూలుగానే ఉందన్నాడు. బాపుతో చెప్పే ముచ్చట్లలో అవ్వ సైరన్ సంగతి కూడా దాని ముందు చెప్పి ఉండొచ్చు. కానీ సైరన్ గురించి వినడం వేరు, సైరన్ వినడం వేరు.

అవ్వకు ఈ పరేషాన్ ఏమీ లేదు. ఛాయ్ ఊదుకుంటూ తేల్చేసింది.

“ఇన్నదంత ఏడనో దూరం పోతదని నువ్వే అన్నవు గద బిడ్డా. గది పోయిన కాడ మీ బాపు ఉన్నడేమో.”

స్పీకర్ ఇంకా చాట కిందే ఉంది, ప్లగ్గు పెట్టలేదు. మళ్ళీ ఎన్నడూ కూయలేదు. అవ్వ మాత్రం రోజూ నాలుగింటికి చాట కొంచెం పైకెత్తి, బాపుకు అన్ని ముచ్చట్లూ చెబుతుంది.

సెలవు రోజుల్లో ఆ వేళకు నేను మా ఇంటి గేటు దగ్గరికి పోతాను. బాపు సైకిల్ రాదని తెలుసు. అయినా ఛాయ్ పొంగేదాకా అక్కడే నిలబడతాను.