ఆరు ముక్కల నవల

మా బాలకిషన్ చెయ్యి పట్టుకుంటే ఒక్క సూదిపోటుకే నరం దొరుకుతుంది. నాంపల్లిలో మా రక్తకేంద్రానికి వచ్చే పిల్లలంతా ఈ మాట నమ్మి అతని ముందే వరస కడతారు. నేను ఎదురు బల్ల దగ్గర రిజిస్టరు రాస్తాను. పద్దెనిమిదేళ్లుగా చూస్తున్నాను కాబట్టి అతని గుట్టు కూడా నాకే తెలుసు. యాభై నాలుగేళ్ల ఈ పెద్దమనిషి సొరుగులో దాచుకుని చదివేది ఇంటర్ ఆడపిల్లలు చదివే రక్తపిశాచి ప్రేమకథలు.

ఆ పిచ్చి అంటించింది హాసిని. గౌలిగూడ పిల్ల, పదిహేడేళ్లు, తలసేమియా. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకోకపోతే మెట్లు కూడా ఎక్కలేదు. అలాంటిది నిరుడు జూన్‌లో వరసగా రెండుసార్లు రాలేదు. మూడోసారి వాళ్లమ్మ భాగ్య ఆటోలోంచి దాదాపు మోసుకొచ్చింది.

"ఎన్నిసార్లు ఎక్కించినా మల్ల గిదే కద అంకుల్. యాష్టకొచ్చింది" అంది ఆ పిల్ల, గోడవైపు తిరిగి.

ఆమె సంచిలోంచి ఓ లావుపాటి ఇంగ్లీషు నవల తొంగిచూస్తోంది. అట్ట మీద పాలిపోయిన అందగాడు. దాని రెండో భాగం ఎక్కడా దొరకట్లేదని చెప్పేటప్పుడు మాత్రం ఆమె గొంతులో కాస్త ప్రాణం వినిపించింది. ఆ ఆదివారమే బాలకిషన్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీది పుస్తకాల గుట్టలన్నీ తిరగేసి దాన్ని పట్టుకొచ్చాడు. పిల్లకు తగిన పుస్తకమో కాదో చూద్దామని తెరిచాడట. నేను నమ్మను. మూడు రోజులు టీ కూడా మరిచి చదివాడు.

చదివినంతసేపూ సణుగుడే.

"నళినమ్మా, గీడు మూడొందల ఏండ్లు బతికిండు. ఇంటర్ పిల్ల ఎనుక పడుడేంది? సిగ్గుండాలె. పైగా గ్రూపు చూడకుండ తాగుతడు!"

"అయితే బంద్ చెయ్యన్నా."

"జర ఆగు. గిప్పుడే ఆమెను ఎత్తుకపోయిండు."

నాలుగో రోజు కొత్త బ్లేడు తీసి ఆ పుస్తకాన్ని ఆరు ముక్కలుగా కోశాడు. ఒక్కో ముక్కకు పాత ఫైలు అట్ట వేసి పిన్ను కొట్టాడు. పేజీ మూల మడిస్తేనే కోప్పడే మనిషి, చేతులారా కోశాడు. హాసిని రక్తానికి వచ్చిన రోజు ఒక ముక్క, రాకపోతే లేదు. ఆ పిల్ల రాకపోతే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు కాబట్టి నేనూ నవ్వలేదు.

హాసిని వచ్చింది. ప్రతిసారీ వచ్చింది. రక్తం సంచి ఖాళీ అయ్యేదాకా ఇద్దరికీ వాదులాటే. గాడు చెప్పకుండ హీరోయిన్ ఉత్తరాలు చదువుడు ప్రేమా అని అతను, గంత అందంగ ఉంటే అన్నీ మాఫ్ అని ఆమె.

ఆరో ముక్క దగ్గర బాలకిషన్ ఆగిపోయాడు. కథ చివర, జబ్బుతో ఉన్న హీరోయిన్ మందులన్నీ పారేసి, పిశాచి కాటుకు చచ్చిపోయి, ఎప్పటికీ అదే వయసులో హాయిగా ఉండిపోతుంది.

"గిది రాసినోళ్లు ఒక్కసారన్న దవాఖాన మెట్లెక్కిన్రా?" అని మండిపడ్డాడు. నాకైతే అది కోపంగా అనిపించలేదు. మనిషి భయపడ్డాడు. ఆ ముక్కను సొరుగు అడుగున పెట్టి తాళం వేశాడు.

నవంబరులో హాసిని వచ్చి ఆఖరి ముక్క కోసం చెయ్యి చాపింది.

"ఆఖరి పేజీలు లేవు బిడ్డా. ఫుట్‌పాత్ బుక్ కద, ఎవరో చింపిన్రు" అన్నాడు తలెత్తకుండా, సూది సిద్ధం చేసుకుంటూ.

హాసిని చాపిన చెయ్యి అలాగే ఉంచింది.

"మందులు పారేస్తది, చస్తది, సుఖపడ్తది. గంతే కద అంకుల్?"

బాలకిషన్ చేతిలో సూది ఆగిపోయింది.

"మీరు మొదటి ముక్క ఇచ్చిన వారమే ఫోన్‌ల దొరికింది, మొత్తం చదివిన."

"మరి గిన్నిసార్లు ఎందుకొచ్చినవ్?"

"మీరు గా పిశాచిగాన్ని తిట్టేది ఫోన్‌ల ఉండది కద" అంది హాసిని. "మూడో భాగం ఉందట. గది మాత్రం ముందు చదువ, ఒట్టు. తెచ్చి కొయ్యండి."

బాలకిషన్ తల వంచుకుని నరం వెతికాడు. మొదటి పోటుకు దొరకలేదు. మోచేత్తో కళ్లు తుడుచుకుని రెండోసారి పొడిచాడు. హాసిని చెయ్యి వెనక్కి తీసుకోలేదు.