ఎక్కడ తినాలో చెప్పే మనిషి

ఊరు చూడటానికి వచ్చినవాళ్ళు లాడ్జి కౌంటరు ముందు సంచులు దింపి మొదట అడిగేది మ్యూజియం గురించనుకుంటే పొరపాటే. తాళంచెవి చేతిలో పడగానే అందరిదీ ఒకటే ప్రశ్న: "ఇక్కడ ఎక్కడ తింటే బాగుంటుందండీ?" వేడినీళ్ళ సంగతి ఆ తర్వాత. మనిషి ఎంత దూరం వెళ్ళినా కడుపును వెంటేసుకునే వెళతాడు మరి.

స్టేషనుకు రెండు వీధుల అవతల, ముప్ఫై రెండు గదుల లాడ్జిలో ఈ ప్రశ్నకు జవాబిచ్చే మనిషి ఇరవై ఏడేళ్ళుగా కౌంటరు వెనక కూర్చుంటున్నాడు. అసలు పేరు ఉద్యోగపు కాగితాల్లో భద్రంగా ఉంది. గదులు ఊడ్చే అమ్మాయి నుంచి మేనేజరు దాకా అందరికీ ఆయన చీటీ బాబాయే. ఎక్కడ తినాలని ఎవరైనా అడిగితే నోటితో చెప్పడు. కళ్ళజోడు సర్దుకుని, వచ్చినవాళ్ళను ఎగాదిగా చూసి, అరకాగితం మీద మూడు వరుసలు రాసిస్తాడు. పొద్దున మార్కెట్లో ఏ కొట్టు, మధ్యాహ్నం ఏ హోటలు, కాస్త దర్జాగా కూర్చుని తినాలంటే ఏ రెస్టారెంటు. పళ్ళు కదిలే పెద్దాయనకు రాసిన చీటీ కొత్త జంటకు రాయడు. చంటిపిల్లతో వచ్చిన తల్లిని మెట్లెక్కే చోటికి పంపడు.

ఈ చీటీకి ఒక చట్టం ఉంది. బాబాయి తనకు తానే పెట్టుకున్నది. నెలలోపు తాను స్వయంగా తిననిదేదీ చీటీ మీదికి ఎక్కకూడదు. "వంటవాడు మారితే హోటలు మారినట్టే. బోర్డు అక్కడే ఉంటుంది, రుచి ఇంకో ఊరెళ్ళిపోతుంది" అనేవాడు. అందుకని తన సెలవు రోజైన మంగళవారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఒక్కడే బయల్దేరేవాడు. మార్కెట్లో నిలబడి తినే కొట్ల నుంచి నది ఒడ్డున బల్లల మీద తెల్లగుడ్డలు పరిచిన రెస్టారెంటు దాకా వంతులవారీగా తిరిగేవాడు. సొంత డబ్బుతోనే తినేవాడు. ఒకసారి కొత్త హోటలు వాళ్ళెవరో మిఠాయి డబ్బా పంపితే మూతైనా తియ్యకుండా తిప్పి పంపాడు. ఆ డబ్బాను తలచుకుని మేనేజరు ఇప్పటికీ బాధపడుతుంటాడు.

ఆయన భార్య ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఈ మంగళవారాలు మొదలైన కొత్తలో ఒకసారి "నన్నూ తీసుకెళ్ళండి" అంది. "ఇద్దరుంటే కబుర్లలో పడతాం, నాలుక పనిచెయ్యదు. ఇది షికారు కాదు, డ్యూటీ" అన్నాడు. ఆవిడ మళ్ళీ అడగలేదు.

ఇలా ఉండగా మొన్నటి చలికాలంలో బాబాయికి జలుబు చేసింది. అది జ్వరంలోకి దిగి వారం రోజులు మంచాన పడేసింది. లేచిన రోజు కాఫీ నోట్లో పోసుకుంటే వేడి తెలిసింది, తీపి తెలిసింది, కాఫీ మాత్రం తెలియలేదు. సబ్బు వాసన చూశాడు. లేదు. ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి గానీ ముక్కుకు చీమ కుట్టినట్టైనా లేదు. నాలుక ఉప్పు, పులుపు, తీపి, కారం అని నాలుగు ముక్కలు అప్పజెప్పి ఊరుకుంది. డాక్టరు ముక్కులో లైటు వేసి చూసి, "రెండు నెలల్లో రావచ్చు, రెండేళ్ళు పట్టొచ్చు, రాకపోనూ వచ్చు" అన్నాడు. అన్ని వైపులా తలుపులు తీసి పెట్టుకోవడంలో డాక్టర్ల తర్వాతే ఎవరైనా.

డాక్టరుకు తప్ప బాబాయి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు. కౌంటరు పక్కన ఒక కంప్యూటరు తెర పెట్టించి, ఏ హోటలుకు ఎన్ని స్టార్లో అందులో చూపిద్దామని మేనేజరు ఎప్పట్నుంచో అంటున్నాడు. చీటీ పోయిందంటే ఇక తాను తాళంచెవులు అందించే మనిషి మాత్రమే. ఆ పని గోడకు కొట్టిన మేకు కూడా చేస్తుంది. యాభై ఎనిమిదేళ్ళ వయసులో మేకుతో సమానమైపోతానేమోనని ఆయనకు నిజంగా భయం వేసింది.

అందుకని తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, మంగళవారాలు యథాప్రకారం తిరిగాడు. ముక్కు చేసే పని కళ్ళకు అప్పగించాడు. కుర్చీలు నిండాయా, కంచాలు ఖాళీగా లోపలికి వెళుతున్నాయా, పిల్లలు ఇంకా కావాలని మారాం చేస్తున్నారా, ఇవన్నీ గమనించి, మిగతాది పాత జ్ఞాపకంతో పూరించి రాసేవాడు. రెండు నెలలపాటు ఎవరూ కనిపెట్టలేదు. దాంతో కొంచెం ధైర్యం కూడా వచ్చింది. ఆ ధైర్యమే కొంప ముంచింది.

వరుసగా మూడు రోజులు సెలవులొచ్చాయి. లాడ్జి కిటకిటలాడింది. ఏటా వచ్చే రిటైరైన టీచరమ్మ ఈసారి తన అక్కగారిని వెంటబెట్టుకుని వచ్చింది. డెబ్బై దాటిన ఆ అక్కగారు ఊరు కదిలి పన్నెండేళ్ళయిందట. "మా చెల్లెలు ఇక్కడ చూసినవాటి గురించి చెప్పదు బాబూ, మీ చీటీ గురించే చెబుతుంది" అంది ఆవిడ నవ్వుతూ. బాబాయి ఉబ్బితబ్బిబ్బయ్యాడు. మొదటి వరుసలో మార్కెట్లోని చేపల వేపుడు కొట్టు రాశాడు. పన్నెండు రోజుల క్రితమే అక్కడ తిన్నాడు కాబట్టి చట్టం ప్రకారం అంతా సక్రమంగానే ఉంది.

మధ్యాహ్నానికి టీచరమ్మ ఒక్కతే కిందికి దిగి వచ్చి, చీటీని కౌంటరు మీద పెట్టింది.

"అక్క పడుకుంది. మూడుసార్లు వాంతులయ్యాయి. డాక్టరు వచ్చి చూశాడు, భయం లేదు, ఒకరోజు కదలొద్దన్నాడు."

"అయ్యో! ఏం తిన్నారండీ?"

"మీరు రాసిందే. ఆ కొట్టు ముసలావిడ ఇంట్లో కూర్చుందట, అల్లుడు చూసుకుంటున్నాడు. నూనె పాతదండీ, కాచి కాచి మాడిపోయింది. వీధి మొదట్లోనే కంపు కొట్టింది. నాకు అనుమానం వచ్చింది. అక్కే, 'ఆయన రాశాడుగా, బాగానే ఉంటుందిలే' అని తినేసింది." టీచరమ్మ చీటీ మీద వేలు పెట్టి అడిగింది. "మీరు అక్కడ నిజంగా తిన్నారా?"

"తిన్నానండీ. పన్నెండు రోజుల కిందట."

"అప్పుడు బాగుందా?"

బాబాయికి ఆ రోజు కళ్ళ ముందు కదిలింది. అల్లుడు ముక్కలు దేవే జారా చేత్తో పట్టుకుని ఎదురుగా నిలబడి, "ఎలా ఉంది బాబాయ్, అత్తయ్య చేతిలాగే ఉందా?" అని ఆత్రంగా అడిగాడు. "అచ్చం అలాగే ఉంది" అన్నాడు తాను. ముక్క మీద ముక్క తిని, మూతి తుడుచుకుని మరీ అన్నాడు. ఇప్పుడు కౌంటరు మీది పెన్నులు సర్దసాగాడు.

టీచరమ్మ గొడవ చెయ్యలేదు. మేనేజరును పిలవలేదు. "పొరపాట్లు అవుతుంటాయిలెండి" అని మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆవిడ నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని బాబాయికి అనిపించింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భార్య చిన్న చొక్కాకు కాలరు కుడుతోంది. బాబాయి చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు.

"నాకు వాసన పోయింది" అన్నాడు.

ఆవిడ మిషను ఆపలేదు. "తెలుసు" అంది.

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"జ్వరం తగ్గిన నాలుగో రోజు నుంచి. పాలు అడుగంటి ఇల్లంతా మాడు వాసన. మీరు ఆ పాలతోనే కాఫీ తాగి, కప్పు కడిగి పెట్టారు. ఈ ముప్ఫై ఏళ్ళలో మీరు కప్పు కడగడం అదే మొదలు, వంక పెట్టకుండా తాగడమూ అదే మొదలు."

"మరి అడగలేదేం?"

"మీరే చెబుతారని చూశాను. రెండు నెలలు చూశాను." ఆవిడ దారం తుంచింది. "డాక్టరు కాగితం మీ చొక్కా జేబులో చూశాను. ఆయనకు చెప్పారు, నాకు చెప్పలేదు."

బాబాయి లాడ్జిలో జరిగింది పూసగుచ్చినట్టు చెప్పాడు. రేపు మళ్ళీ అందరూ చీటీలు అడుగుతారని, తన దగ్గర నమ్మకంగా రాయదగ్గ వరుస ఒక్కటి కూడా లేదని చెప్పాడు. చివరికి, "రేపు నా డ్యూటీ రెండింటికి. పొద్దున నాతో వస్తావా?" అని అడిగాడు.

"నేనెందుకండీ? ఇద్దరుంటే నాలుక పనిచెయ్యదుగా" అంది ఆవిడ. ఇరవై ఏడేళ్ళనాటి మాటను గుండీ కూడా ఊడకుండా దాచిపెట్టుకుంది. బాబాయి తల దించుకున్నాడు. కుట్టిన చొక్కా మడిచిపెట్టి ఆవిడే, "రేపు నీలం చొక్కా వేసుకోండి, దీని కాలరు చిరిగింది" అంది. వస్తానని దాని అర్థం.

మర్నాడు చేపల కొట్టు ఇంకా ఇరవై అడుగులు ఉందనగానే ఆవిడ ముక్కు మూసుకుంది. బాబాయి నేరుగా అల్లుడి దగ్గరికి వెళ్ళాడు.

"ఆ రోజు నీకు అబద్ధం చెప్పానురా అబ్బాయ్. నాకు వాసన తెలియదు. ఈ నూనె పారబొయ్యి. నిన్న ఒక పెద్దావిడకు ప్రాణం మీదికి వచ్చింది."

అల్లుడి ముఖం మాడిపోయింది. "మీరు బాగుందన్నారనే అలాగే వండుతున్నాను బాబాయ్. ఒకరిద్దరు వంక పెట్టినా నేను వినిపించుకోలేదు. చీటీ బాబాయే తిని చెప్పాడని వాళ్ళతోనే వాదించాను" అన్నాడు. అప్పటికప్పుడు మూకుడు దింపి నూనె పారబొయ్యడానికి డబ్బాలోకి ఒంపేశాడు. తన ఒక్క మాట ఎంతమంది కడుపుల్లోకి వెళ్ళిందో బాబాయి లెక్కపెట్టలేకపోయాడు.

తర్వాత ఇద్దరూ మార్కెట్టంతా తిరిగారు. ఆవిడ తింటుంటే ఆయన రాసుకున్నాడు. ఆవిడ తీర్పులు ఆయన ఎప్పుడూ విననివి. "గుడ్డట్టు బంగారంలా ఉంది, కానీ కొట్టాయన పిల్లల మీద కసురుకుంటున్నాడు, పిల్లలున్న వాళ్ళకి రాయకండి." "సూపు బాగుంది, చెయ్యి కడుక్కోవడానికి చోటేదీ?" "ఇక్కడ ఒంటరి ఆడమనిషి నిమ్మళంగా కూర్చుని తినొచ్చు, అది రాయండి." ఇన్నేళ్ళూ తాను కంచంలోకే చూశాడు గానీ కంచం చుట్టూ చూడలేదని బాబాయికి అప్పుడు తెలిసింది. తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు, ఆ రెండోవాడు తన ఇంట్లోనే మిషను తొక్కుతున్నాడు.

మధ్యాహ్నం నది ఒడ్డు రెస్టారెంటుకు వెళ్ళారు. ఆవిడ తెల్లగుడ్డ అంచును వేలితో తడిమి, కుట్టు నీటుగా ఉందని మెచ్చుకుంది. సూపు వచ్చింది, ఆ తర్వాత వెన్నలో వేయించిన చేప, కూరగాయల పులుసు, అన్నం. ఆవిడ నిదానంగా అన్నీ తింది. సగంలో స్పూను కింద పెట్టింది. బాబాయి పెన్ను పట్టుకుని చూస్తున్నాడు.

"ఎలా ఉంది?"

ఆవిడ కళ్ళలో నీళ్ళు నిలిచాయి.

"కారమా?" అన్నాడు వెర్రిబాబాయి.

"ఇదేనా?" అంది ఆవిడ. "మీరు తినొచ్చేది ఇదేనా? ప్రతి మంగళవారం సాయంత్రం నేను వండింది నోట్లో పెట్టుకుని 'ఏదో తక్కువైంది' అనేవారు. ఏం తక్కువైందో చెప్పేవారు కాదు. బయట ఇంకేదో గొప్పది ఉంది కాబోలు, అది నా చేతికి రాదు కాబోలు అనుకునేదాన్ని. బుధవారం లేవగానే ఉల్లిపాయలు ఎక్కువ వేసి చూసేదాన్ని, నీళ్ళు తగ్గించి చూసేదాన్ని. ఇది బాగుందండీ, బాగాలేదని నేననను. కానీ నా వంట దీనికి తీసిపోదు."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. బాబాయి ఆ చెట్టు వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"నీ వంట బాగుంటుంది" అన్నాడు మెల్లగా.

"ఇప్పుడంటే ఏం లాభం? మీకు తెలియదుగా."

కోపంగా అనలేదు. చొక్కా చేతులు పొట్టివయ్యాయని చెప్పినట్టు చెప్పింది. తర్వాత పులుసు పూర్తిగా తిని, "ఇది రాయండి. మెత్తగా ఉంది, పెద్దవాళ్ళకి మంచిది" అంది. బాబాయి రాశాడు.

ఆ సాయంత్రం టీచరమ్మ అక్కగారిని చెయ్యి పట్టుకుని కిందికి తీసుకొచ్చింది. అక్కగారి ముఖం పీక్కుపోయింది గానీ తేరుకుంది, ఆకలేస్తోందట. బాబాయి కౌంటరు వెనక నుంచి బయటికి వచ్చి నిలబడ్డాడు. మేనేజరు పక్కనే ఉన్నాడు. ఉంటే ఉండనీ అనుకున్నాడు.

"నాకు రెండు నెలలుగా వాసన తెలియడం లేదమ్మా. దాచిపెట్టి మీకు రాసిచ్చాను. తప్పు నాది. ఇది వేరే చీటీ. ఇవాళ మా ఆవిడ తిని చెప్పింది, నేను రాశానంతే."

అక్కగారు చీటీ అందుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, ఒక్కో వరుసా ఓపిగ్గా చదివింది.

"కుర్చీ ఎత్తు దగ్గర్నుంచి చూసిందే! ఇంత తెలిసిన మనిషి వంట కూడా బాగా చేస్తుందేమో?"

"బాగా చేస్తుందమ్మా" అన్నాడు బాబాయి. "రుచి తెలిసిన రోజుల్లో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. ఇప్పుడంటే నమ్మడం లేదు."