వానలేని ఊళ్ళో తుప్పు

2022 ఏప్రిల్. పాత కట్టడాలను పరీక్షించి బాగుచేయించడం నా పని. కర్నూలులోని నా ఆఫీసుకు నందికొట్కూరు నుంచి యేసుదాసు అనే గూడ్స్ ఆటో డ్రైవరు ఫోన్ చేశాడు. మేడగదికి ఆనించి వీధి వైపు బాల్కనీలా వేయించిన చెక్క డెక్కులో ఒక పలక విరిగిందని, వచ్చి చూడమని అడిగాడు.

నేను వెళ్ళేసరికి అతని తల్లి సుగుణమ్మ ఆ డెక్కు మీదే కుర్చీ వేసుకుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఏళ్ళ తరబడి పొలాల్లో కూలికి వెళ్ళిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు అరిగి మెట్లు దిగలేకపోతోంది. ఆమెకు ఆరుబయలు అంటే ఇక ఆ డెక్కు ఒక్కటే.

పలకదేముంది, మార్చేయవచ్చు. నిచ్చెన వేసుకుని కింది నుంచి చూసినప్పుడు అసలు సంగతి తెలిసింది. గోడలోకి లోతుగా దిగి, డెక్కు ఇనుప దూలాన్ని పట్టి ఉంచే యాంకర్ బోల్టులు తుప్పుపట్టిపోయాయి. సుత్తితో మెల్లగా తట్టగానే ఒక నట్టు పెచ్చులై రాలింది. పైన ఆమె కూర్చునే ఉంది.

"ఈడ వానే సరిగ్గా పడదు కదా మేడం, తుప్పు యాడిది?" అన్నాడు యేసుదాసు.

గోడ పక్కనున్న ఎయిర్ కూలర్ చూపించాను. ఏటా ఎండాకాలమంతా దాని నీళ్ళు గోడకూ దూలానికీ మధ్య దిగుతూనే ఉన్నాయి.

పైకి వెళ్ళి, గడప ఇవతలే నిలబడి పిలిచాను. "అవ్వా, ఇది నిన్ను మోసేట్టు లేదు. మెల్లగా లోపలికి రా."

"రాను పాపా. నేను లోపలికొస్తే మావోడు దీన్ని కోసేస్తాడు. పలకలు కదులుతాండాయని శానా దినాల నుంచి అదే అంటాండాడు."

"కొయ్యక ఏం చేయల్ల? నువ్వు పడితే?" అన్నాడు కొడుకు నా వెనక నుంచి.

"పడితే ఒక తూరి పోతా. ఆ గదిలో దినామూ పోవల్లనా?"



"కొయ్యనివ్వను అవ్వా" అన్నాను. "బాగుచేసి నిన్ను మళ్ళీ ఈడనే కూర్చోబెడతా. ఇప్పుడు మాత్రం లేయాల."

నా ముఖంలోకి కాసేపు చూసి, మెల్లగా లేచి గడప దాకా వచ్చి చేయి చాచింది. ఇద్దరం చెరోవైపు పట్టుకుని లోపలికి తెచ్చాం.

ఆ సాయంత్రమే డెక్కు కింద జాకీలు, అంటే బరువు ఆపే ఇనుప ఊతలు, నిలబెట్టించాను. మర్నాడు పలకలు తీస్తుంటే ఒక బోల్టు వెల్డరు చేతిలోకి ఊరికే ఊడి వచ్చింది. యేసుదాసు బెదిరిపోయాడు.

"వద్దులే మేడం, కోసేద్దాం."

"మాటిచ్చినాను. నువ్వూ విన్నావు కదప్పా."

బరువంతా గోడ మీదే వేలాడకుండా, వీధి వైపు పునాది తీసి రెండు ఇనుప స్తంభాలు లేపాం. బోల్టులన్నీ కొత్తవి వేసి, విరిగిన పలక మార్చి పలకలన్నీ తిరిగి పరిచాం. గోడ పక్కన నీళ్ళు జారిపోయేందుకు సందు వదిలాం. కూలర్‌ను అవతలి కిటికీకి మార్పించాను. మనుషులు ఆనుకుని నెట్టినా కదలకుండా అంచుల వెంట రెయిలింగు బిగించాం. చివరగా లోడ్ టెస్ట్: ఇసుక మూటలు పేర్చి ఒక రోజంతా ఉంచి, దూలం వంగిందేమో కొలిచాను. వంగలేదు.

సుగుణమ్మను పిలిస్తే కొడుకు చేయి పట్టుకుని వచ్చి గడప దగ్గరే ఆగిపోయింది.

"నువ్వు కూసో ముందు."

కుర్చీ లాక్కుని డెక్కు నడిమధ్యన కూర్చున్నాను. ఆమె పలకల వైపు, నా వైపు చూసింది. తర్వాత కొడుకు చేయి వదిలించుకుని తనంతట తానే వచ్చి నా పక్కన కూర్చుంది.

ఇసుక మూటల పరీక్ష ఇంజనీరుకు సరిపోతుంది. ఆ పలకల మీద బతకాల్సిన మనిషికి అది చాలదని ఆమె దగ్గరే నేర్చుకున్నాను. అందుకే ఇప్పుడు ఏ ఇంటి డెక్కు బాగుచేసినా, ఇంటివాళ్ళను రమ్మనే ముందు దాని మీద నేను కూర్చుంటాను.