నెట్టీ పక్కన చోటు

మా మిస్సోరి కొండల్లో ఏటా చలికాలం పోగానే పొలాలు రాళ్లు కక్కుతాయి. నేల గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకట్టేసరికి అడుగునున్న రాయి పైకి తేలుతుంది. ఏప్రిల్‌లో నాగలి దించేముందు ఇంటిల్లిపాదీ వాటిని ఏరి గట్టున కుప్ప పోయాలి. నాకు నడక వచ్చిన ఏడే ఆ పని అంటగట్టారట. అరవై దాటినా రాయి కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. నేను వెలగబెట్టిన ఘనకార్యం అర్థం కావాలంటే ముందు ఈ సంగతి తెలియాలి. సమర్థించుకోవడానికి మాత్రం చెప్పడం లేదు.

ఆర్డెల్లా క్రాబ్‌ట్రీ నాకు వరసకు ఏమీ కాదు, పక్క పొలం ఆవిడ. అయినా ఈ లోయలో అందరం ఆమెను అత్తా అనే పిలిచేవాళ్లం. మా బడి వంటగదిలో ముప్ఫై ఒక్క ఏళ్లు వండింది. ఆమె బన్నులు పొయ్యిలోంచి తీసే వేళకు లెక్కల మాస్టారు కూడా గంట కోసం చూడకుండా పుస్తకం మూసేసేవాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "అడిగినోడు నాకు నచ్చలా, నచ్చినోడు నన్ను అడగలా. ఇంకేమన్నా కావాలా?" అనేది. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడిగేవారు కాదు.

ఆమె ముత్తాత తండ్రి ఈ వాగు ఒడ్డుకు ఎడ్లబండి మీద వచ్చినప్పుడు ఇక్కడ దారి కూడా లేదు. వచ్చిన ఏడే ఒక బిడ్డ పోతే, ఇంటి వెనక గుట్ట మీద దేవదారు చెట్టు దగ్గర పూడ్చిపెట్టారు. ఆ తర్వాత వందేళ్లకు పైగా క్రాబ్‌ట్రీలందరూ ఆ గుట్ట మీదికే చేరారు. మొత్తం ఇరవై నాలుగు సమాధులు. అయిదింటికే చెక్కిన రాళ్లున్నాయి. మిగతా పంతొమ్మిదీ పొలంలో దొరికిన మామూలు రాళ్లే. పేరు చెక్కించే స్తోమత లేక తల దగ్గర ఒక రాయి పాతి ఊరుకున్నారు. తర్వాత కుటుంబం చెట్టుకొకరు పుట్టకొకరు అయింది, పొలం చేతులు మారింది. ఎవరిదో పశువుల బీడు నడుమ ఆ గుట్ట మిగిలిపోయింది, దాన్ని పట్టించుకునే క్రాబ్‌ట్రీ ఒక్క ఆర్డెల్లా అత్తే మిగిలింది.

ఆ పేరు లేని రాళ్లలో ఒకటి నెట్టీది. అత్త చెల్లెలు. నాలుగేళ్లప్పుడు కంఠసర్పి వచ్చి నడి చలికాలంలో పోయింది. అప్పటికి అత్తకు ఆరేళ్లు. ఇద్దరిదీ ఒకటే మంచం. అక్క జడ గుప్పిట్లో పట్టుకుంటే గాని నెట్టీ నిద్రపోయేది కాదట. "ఇప్పటికీ ఒకోసారి ఎవరో జడ లాగినట్టుంటదిరా" అని అత్త నాతో ఎన్నిసార్లు అన్నదో. తల్లి పోయేముందు అత్త దగ్గర ఒకే ఒక్క మాట తీసుకుంది, నెట్టీ పక్కన చోటు వేరెవరికీ ఇవ్వకూడదని, అందులో అత్తే పడుకోవాలని. అత్తకు ఈ లోకంలో ఉన్న కోరిక కూడా అదొక్కటే.

మే నెల ఆఖరి ఆదివారం మాకు సమాధులకు పూలు పెట్టే రోజు. నా చిన్నతనంలో ఆ గుట్ట మీద అరవై డెబ్భై మంది చేరేవారు. మగవాళ్లు పారలతో గడ్డి చెక్కేవారు. ఆడవాళ్లు కాగితంతో పూలు చేసి, వానకు తడవకుండా కరిగిన మైనంలో ముంచి తెచ్చేవారు. దేవదారు నీడన దుప్పట్లు పరిచి వేయించిన కోడి, చిక్కుడు గింజల కూర, మొక్కజొన్న రొట్టె అన్నీ వరసగా పెట్టేవారు. తిన్నాక పాటలు. నేనైతే కోడి కాళ్ల కోసమే వెళ్లేవాణ్ని, ఎవరు ఎక్కడ పడుకున్నారో ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు. చివరి చివరికి అత్త, నేను, నా భార్య లోరీన్, అంతే. గడ్డి చెక్కడం, పూలు పెట్టడం అత్తే చూసుకునేది, మేం దేవదారు నీడన తిండి సర్దేవాళ్లం.

అత్తకు ఎనభై నాలుగో ఏట, ఏప్రిల్‌లో, మెట్ల మీద జారి తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రి మంచం మీద కూడా ఆమె గొడవ గుట్ట గురించే.

"గడ్డి మోకాళ్ల దాకా వచ్చుంటది. నెట్టీకి ఊపిరాడదు" అంది.

"నేనున్నా కదత్తా. నువ్వు కాలు చూసుకో" అన్నాను పెద్ద మొనగాడిలా.

గడ్డి కోసే బండి తోలుకుని గుట్టెక్కాను. పావుగంటలో రెండుసార్లు కత్తి రాయికి తగిలింది. ఎప్పట్లాగే రాళ్లు తేలాయి కాబోలు అనుకున్నాను. దిగి, కనిపించిన రాయినల్లా పీకి దేవదారు కింద కుప్ప పోశాను. చక్కగా, పెద్దవి అడుగున, చిన్నవి పైన. చెక్కిన రాళ్లు అయిదూ వదిలేశాను, అంత మాత్రం జ్ఞానం ఉంది. గంటలో గుట్టంతా నున్నగా తయారైంది. వెనక్కి తిరిగి చూసుకుని ఎంత మురిసిపోయానో!

మే ఆఖరి ఆదివారం అత్తను ట్రక్కులో ఎక్కించుకుని వెళ్లాను. నాలుగు కాళ్ల ఊతకర్ర పట్టుకుని దిగింది. ఒళ్లో పెట్టుకుని తెచ్చిన మైనం పూలు చేతిలోనే ఉన్నాయి. గుట్టంతా ఒకసారి కలయజూసింది.

"నెట్టీ ఏదిరా?"

నాకు అర్థం కాలేదు. ఆమె చూపు కుప్ప మీదికి వెళ్లింది. అప్పుడు అర్థమైంది.

"అత్తా... పొలంలో రాళ్లనుకున్నా..."

"పొలంలో రాళ్లేరా. మా వాళ్ల తలల దగ్గర పెట్టిన పొలంలో రాళ్లు." ఆమె అరవలేదు, అరిచినా బాగుండేది. "వయసొచ్చింది గాని బుర్ర రాలేదు నీకు. పద, ఇంటికి తీసుకుపో."

ఆ పూలు ట్రక్కులోనే ఉండిపోయాయి. లోరీన్ నాతో మూడు రోజులు మాట్లాడలేదు. నేను చేయని ప్రయత్నం లేదు. సమాధి మీదికి వెళ్తే చేతిలోని రెండు ఇనుప తీగలు వాటంతట అవే అడ్డంగా తిరుగుతాయని మా ముసలివాళ్ల నమ్మకం. తీగలు వంచుకుని వెళ్లాను. అవి గుట్టంతా తిరిగాయి, చివరికి నా అన్నం డబ్బా మీద కూడా తిరిగాయి. వాటిని అక్కడే పారేసి, కుప్ప పక్కన కూర్చుని ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

జూన్‌లో ఒక పొద్దున్నే అత్త ఫోన్ చేసింది. "బండి తీయి. ఒక ఇనుప చువ్వ తీసుకురా" అంది.

దారిలో చెప్పింది. నెట్టీ పోయినప్పుడు నేల గడ్డకట్టి ఉందట. మట్టి కుదురుకునే దాకా తండ్రి రాయి పాతలేదు. ఆ వసంతమంతా తల్లి ఈమె చేతికి పూలిచ్చి, దేవదారు నుంచి పొద్దు పొడిచే వైపు పదిహేడు అడుగులు వేసి అక్కడ పెట్టి రమ్మని పంపేది.

"రాయి పెట్టాక ఇక లెక్కెందుకు? డెబ్భై ఎనిమిదేళ్లుగా మళ్లా తలుచుకోలా. రాత్రి పక్క మీద అమ్మ గొంతే వినపడ్డట్టైంది."

నేను ఉత్సాహంగా చెట్టుకు వీపు ఆనించి పదిహేడు అడుగులు వేశాను. కంచె దాటి ఆవుల మధ్య తేలాను.

"నీ అడుగులు కావురా దున్నపోతా! ఆరేళ్ల పిల్ల అడుగులు. తప్పుకో."

ఊతకర్ర ముందుకు జరిపి, కాలు ఈడ్చి, ఒకటి అంది. మళ్లీ జరిపి, రెండు అంది. విరిగిన తుంటితో జానా బెత్తెడు మించి పడటం లేదు అడుగు. ఆ కాలు ఆరేళ్లప్పుడు వేసినంతే వేస్తోందని నాకు పదో అడుగు దగ్గర తట్టింది. పదిహేడు దగ్గర ఆగి, "ఇక్కడ గుచ్చు" అంది.

చువ్వ గుచ్చాను. మట్టే. జానెడు పక్కన గుచ్చాను. మట్టే. మూడోసారి టక్కుమంది. మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో తవ్వితే తెల్లటి ఆల్చిప్ప, దాని పక్కన ఇంకొకటి, ఇంకొకటి. అప్పట్లో పసిపిల్లల సమాధుల మీద ఏటి ఆల్చిప్పలు బోర్లించేవారు.

"మా నాన్న పేర్చినవే" అంది అత్త. మట్టి తుడిచి చిప్పను చెంపకు ఆనించుకుంది.

"అత్తా, మిగతా పద్దెనిమిదీ..." అన్నాను.

"మా అమ్మకు ఏడు తెలుసు. మా నాయనమ్మకు అన్నీ తెలుసు. నాకు నెట్టీది ఒక్కటే. అడిగి తెలుసుకోవాల్సింది, అడగలా." నా భుజం పట్టుకుంది. "నువ్వు రాళ్లు తీశావంతే. పేర్లు మేమే పోగొట్టుకున్నాం. ఇప్పుడు పోయి ఒక పెద్ద రాయి తే. బండి దిగకుండా నువ్వు దాటలేనంతది తే."

తెచ్చాను. దానికి ఇద్దరు మనుషులు పట్టారు.

అక్టోబరులో అత్త పోయింది. నెట్టీ పక్కనే గొయ్యి తీశాం, ఆల్చిప్పలకు పార తగలకుండా నేనే తవ్వాను. శవపేటిక మూసేముందు లోరీన్ ఆమె తెల్ల జడను చెల్లెలి వైపుకు జరిపి పెట్టింది.

ఇప్పటికీ మే నెల ఆఖరి ఆదివారం మేమిద్దరం గుట్టెక్కుతాం. లోరీన్ మైనం కాచి పాతిక కాగితం పూలు ముంచుతుంది. అక్కకు ఒకటి, చెల్లెలికి ఒకటి, పేర్లున్న అయిదుగురికి అయిదు. ఆ కుప్పలోని రాళ్ల మీద, మిగతా వాళ్లకు, పద్దెనిమిది పూలు నేనే పెడతాను, ఒక్కొక్కటిగా, టోపీ తీసి. మన్నించమని అడగడానికి పేర్లు తెలియవు. అందుకే ప్రతి రాయినీ క్రాబ్‌ట్రీ గారూ అనే పిలుస్తాను.